దండెం దగ్గర ముగిసిన నగరం

మా సంస్థ నగరాల మీద పుస్తకాలు వేస్తుంది. కొత్త ఊరికి వెళ్లినవాళ్లు అక్కడ ఏం చూడాలో, ఎటు నుంచి ఎటు వెళ్లాలో వాటిలో ఉంటుంది. పూర్వం ఈ పుస్తకాలు రాసేవాళ్లు ఆయా నగరాలకు వెళ్లి, వారాల తరబడి వీధులన్నీ తిరిగి, కనిపించిన ప్రతివారితోనూ మాట్లాడేవారట. ఈ దురలవాటును మా మేనేజరుగారు మాన్పించారు.

"ప్రతి నగరంలోనూ ఏడాదికోసారి పరుగు పందెం జరుగుతుంది. ఆ రోజు బండ్లు ఆపేస్తారు. రోడ్లు ఊడుస్తారు. దారి పొడుగునా నీళ్లిస్తారు, అరటిపండ్లిస్తారు, చప్పట్లు కొడతారు. ఇంత మర్యాద జరిగే రోజు ఉండగా, మామూలు రోజున వెళ్లి నగరం చూస్తాననడం అజ్ఞానం కాదా?" అని ఆయన సమావేశంలో ప్రశ్నించారు. అజ్ఞానమేనని అందరం ఒప్పుకున్నాం. అంతకుముందు వారాల తరబడి తిరిగినవాళ్లు మరికాస్త గట్టిగా ఒప్పుకున్నారు.

ఆనాటి నుంచి ఆఫీసంతా ఆ పందేల్లో పరిగెడుతూనే నగరాలు చూడసాగాం. మా పుస్తకాల స్థాయి పెరిగింది. "ఈ నగరం మొదట ఎత్తుగా ఉండి, క్రమంగా పల్లమవుతుంది." "ఇక్కడి ప్రజలు రోడ్డుకు రెండు వైపులా నిలబడి జీవిస్తారు. వారి ప్రధాన వృత్తి చప్పట్లు." "అరటి ఇక్కడ బల్లల మీద పండుతుంది." ఇలాంటి సమాచారం వేరే పుస్తకాల్లో దొరకదని పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు.

మా పరుగుకు ఒకటే నియమం. మేనేజరుగారిని ఎవరూ దాటరాదు. ఆయన వెనక హెడ్ గుమాస్తా, ఆయన వెనక అకౌంటెంటు, ఆ వెనక టైపిస్టక్కయ్య, అందరికన్నా వెనక తాత్కాలిక ఉద్యోగినైన నేను. అకౌంటెంటు కాలేజీలో పరుగు పందేల్లో కప్పులు గెలిచిన మనిషి. క్రమశిక్షణ తప్పకూడదని పాపం నడిచి వచ్చేవాడు. అప్పుడప్పుడూ హెడ్ గుమాస్తా వీపును ఢీకొని, "క్షమించండి, కాలు మాట వినలేదు" అనేవాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. "చదువుకున్నవాడివి. నలుగురిలో తల దించుకుని నీ పని నువ్వు చేసుకో నాయనా. ఎలాగోలా ఆ ఉద్యోగం ఖాయం చేయించుకో" అని మా అమ్మ చెప్పింది. అమ్మ మాట నేను అక్షరాలా పాటించాను. కాబట్టి ప్రతి నగరంలోనూ నాకు కనిపించినవి టైపిస్టక్కయ్య మడమలు.

"ఊరెలా ఉందిరా?" అని అమ్మ ఆశగా అడిగేది.

"తెల్ల బూట్లమ్మా. ఎడమదానికి కుట్టు ఊడింది."

"కిందటి ఊళ్లోనూ అదే చెప్పావు కదరా!"

"అప్పుడు కుడిదానిక్కూడా ఊడి ఉండేదమ్మా. అది కుట్టించుకుంది."

ఈ స్థితిలో మేనేజరుగారు ఒక ప్రకటన చేశారు. తర్వాతి నగరంలో ప్రవర్తనను బట్టి ఒక తాత్కాలిక ఉద్యోగాన్ని ఖాయం చేస్తారు, లేదా తీసేస్తారు. సంస్థలో తాత్కాలిక ఉద్యోగిని నేనొక్కణ్ణే కావడంతో పోటీ తీవ్రంగా ఉంది. అమ్మ మాత్రం అప్పుడే వీధిలో అందరితోనూ మావాడి ఉద్యోగం ఖాయమైపోయిందని చెప్పేసింది. ఇక నన్ను తీసేస్తే మా ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

ఆ నగరంలో పరుగు సజావుగానే మొదలైంది. మార్కెట్ దాటాక, మేనేజరుగారి ముందుకు పక్క సందులోంచి ఒక మనిషి దూసుకొచ్చాడు. బనీను, నిక్కరు, చంకలో రొట్టె పొట్లం. ప్రాణం మీదికొచ్చినట్టు పరిగెడుతున్నాడు.

"చంకలో బరువుతో ఆ వేగం చూడండి! అనుభవజ్ఞుడు. ఆయన్ని వదలకండి" అని మేనేజరుగారు ఆజ్ఞాపించారు.

సరిగ్గా అప్పుడే టైపిస్టక్కయ్య ఎడమ బూటు అడుగు ఊడి ఎగిరిపడింది. అది తీసి ఇద్దామని వంగి, లేచేటప్పుడు పొరపాటున తలెత్తాను. ఎదురుగా పెద్ద బాణం గుర్తు. పందెం వాళ్లు పెట్టిందే. అది కుడివైపు చూపిస్తోంది. జనమంతా కుడివైపే పోతున్నారు. మావాళ్లు ఎడమవైపు సందులోకి మలుపు తిరుగుతున్నారు.

"అక్కా, బాణం అటుంది!"

"నీకెందుకురా అవన్నీ? పైవాళ్లు చూసుకుంటారు. ముందు నా అడుగిటియ్యి."

నేనాగలేక, లైను తప్పి, మేనేజరుగారి భుజం దాకా వెళ్లాను. దాటలేదు. "సార్, బాణం కుడివైపుకి..."

ఆయన ఆగకుండానే అడిగారు: "బాణం సీనియరా, నేను సీనియరా?"

నేను నా చోటికి వచ్చేశాను.

సందు చివర ఒక ఇల్లు. బనీను మనిషి వంగి లోపలికి దూరాడు. వాకిటికి అడ్డంగా దండెం, దాని మీద తడిబట్టలు. మేనేజరుగారు చేతులు రెండూ పైకెత్తి, ఛాతీతో ఆ దండేన్ని తెంపి గమ్యం చేరారు. మేమంతా చప్పట్లు కొట్టాం. జన్మలో మొదటిసారి గెలిచిన మనిషి కళ్లలో నీళ్లు తిరగడం చూశాను.

ఇంటావిడ బయటికొచ్చింది. "ఎవరయ్యా మీరంతా? కళ్లు నెత్తికెక్కాయా? పొద్దుటి నుంచి ఉతికిన బట్టలు!" తర్వాత లోపలికి తిరిగి, "పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది చాలక, ఊరందర్నీ వెంటేసుకొచ్చావా?"

"నేనెక్కడ తెచ్చానే! వాళ్లే తరుముకొచ్చారు. ఏం తప్పు చేశానో నాకే తెలీదు" అని పొంగిన పాలు తుడుస్తూ లోపలి నుంచి ఆయన మొత్తుకున్నాడు.

మేనేజరుగారు ఇదంతా స్వాగతోపన్యాసంగా గ్రహించి, పతకం కోసం వినయంగా మెడ వంచారు. ఆవిడ ఒక్క క్షణం చూసి, క్లిప్పుల సంచి తెచ్చి ఆ మెడలో తగిలించింది. "తెంపినవాళ్లే కట్టండి. మళ్లీ ఉతికి ఆరెయ్యండి."

మేము దండెం కట్టి, ఉతికి, హోదా ప్రకారం ఆరేశాం. దుప్పట్లు హెడ్ గుమాస్తాకు, రుమాళ్లు నాకు.

తిరుగు బస్సులో అసలు గండం వచ్చింది. దారిలో నిజమైన గమ్యం కనిపించింది. రంగుల తోరణం, బ్యాండు, పతకాల కుప్ప. అందరూ కిటికీల్లోంచి చూసి, గబుక్కున అటువైపు తెరలు లాగేశారు. మేనేజరుగారు మెడలోని సంచి సవరించుకుని నా వైపు తిరిగారు.

"నువ్వేదో బాణం చూశానన్నావు. ఎటు చూపించింది?"

బస్సంతా నా నోటి వైపే చూసింది. నాకు అమ్మ, మా వీధి, ఖాయమైపోయిన నా ఉద్యోగం కనిపించాయి.

"తప్పుదారి చూపించింది సార్."

నా ఉద్యోగం బస్సు దిగకముందే ఖాయమైంది. పుస్తకంలో ఆ అధ్యాయం నాచేతే రాయించారు. "ఈ నగరపు ముఖ్య ప్రదేశం ఒక సందు చివర ఉంది. మాడిన పాల సువాసన ఇక్కడి ప్రత్యేకత. వచ్చినవారు మొదట దండెం తెంపాలి, తర్వాత బట్టలుతకాలి. ఆతిథ్యం ఘాటుగా ఉంటుంది." క్లిప్పుల సంచి ఇప్పుడు మా ఆఫీసు గోడకు అద్దాల పెట్టెలో ఉంది.

పుస్తకం చేత పట్టుకుని జనం వెళ్లడం మొదలుపెట్టారు. నిజమైన గమ్యం దగ్గర ఎవరూ నిలబడటం లేదని గమనించి, పందెం వాళ్లు మరుసటి ఏడాది బాణాన్ని ఎడమవైపుకి తిప్పేశారు. ఇంటావిడ బట్టలు తనుగా ఉతికి ఎన్నాళ్లయిందో. పక్కింటివాళ్లవి కూడా తెచ్చి వాకిట్లో పడేస్తోంది.

అమ్మకు మాత్రం ఈసారి ఊరు గురించి పూర్తిగా చెప్పాను. ఇంటావిడ తిట్లు, పాలు, రుమాళ్లు. అమ్మ అంతా విని, "మరి ఆ వెర్రివాళ్లలో ఒక్కరైనా, ఎక్కడికి పోతున్నాం అని అడగలేదట్రా?" అంది.

మీరూ ఇందాకటి నుంచి నవ్వుకుంటూ నా వెనకాలే వచ్చారు. ఎక్కడికని ఒక్కరైనా అడిగారా? వచ్చారు కాబట్టి, అదుగో బకెట్టు, ఇదుగో సబ్బు. తోసుకోకండి. సీనియర్లు ముందు.