పట్టు నుంచి నేరుగా మీ నోట్లోకి

ఈ చివర పిడుగు పడితే ఆ చివర వినిపించనంత పెద్ద అడవి. అందులో బుచ్చిలింగం అనే ఎలుగుబంటి తేనె అమ్ముకుని బతికేవాడు. కొండ కింద చిన్న కొట్టు. కోతులు, లేళ్ళు, ఒక ముసలి తాబేలు, అంతా కలిపి నలభై మంది వాడుకదారులు. సరుకు మంచిది కాబట్టి ఒకరు చెబితే ఇంకొకరు వచ్చేవారు.

ఎదురుగా అడవిపంది బెల్లం కొట్టు పెట్టి, దానికో వెబ్‌సైటు కూడా తెరిచింది. ఆ రోజు నుంచి బుచ్చిలింగానికి ముద్ద దిగలేదు. గిజిగాడు పుల్లంరాజుని పిలిపించాడు. గూళ్ళే కాదు, వెబ్‌సైట్లు అల్లడంలోనూ పుల్లంరాజుకి పేరుంది.

మూడు రోజుల్లో సైటు తయారైంది. తేనెకుండ బొమ్మ, ధర, కొట్టుకి దారి.

"ఇంతేనా?" అన్నాడు బుచ్చిలింగం.

"తేనె కొనేవాడికి ఇంకేం కావాలి బాబాయ్? ఈమెయిల్ పంపాలనుకుంటే అడిగినవాళ్ళకే పంపండి. నెలకొకటి చాలు."

బుచ్చిలింగం కంటికి అది ఆనలేదు. నాలుగు కుండల తేనె బయానా ఇచ్చి, మార్కెటింగ్ సలహాదారు నక్క గుణాకరాన్ని పెట్టుకున్నాడు.

గుణాకరం సైటు చూసి పెదవి విరిచాడు. "అన్నా, ఇది వెబ్‌సైటా, దినం కార్డా?"

మర్నాటికి సైటు తిరనాళ్ళయిపోయింది. తెరవగానే ఒక పెట్టె ఎగిరి ముందుకొస్తుంది. మూస్తే ఇంకోటి: "తేనె వద్దా? బతుకంతా చేదుగానే గడిపేస్తారా?" దాన్నీ మూస్తే, "త్వరపడండి, రెండే కుండలు!" ధర చూద్దామని పొద్దున్నే తెరిచిన తాబేలు, పెట్టెలు మూసి మూసి, సాయంత్రానికి బెల్లం కొనుక్కుని ఇంటికెళ్ళింది.

"ఇప్పుడు ఈమెయిళ్ళు," అన్నాడు గుణాకరం. "పదివేల చిరునామాలు తెచ్చాను. కొమ్ములున్నవాళ్ళు వెయ్యి, తోకలున్నవాళ్ళు రెండు వేలు, రెక్కలున్నవాళ్ళు ఏడు వేలు."

"అబ్బో! రెక్కలున్నవాళ్ళు అంతమందా!" బుచ్చిలింగం మురిసిపోయాడు. వాళ్ళెవరని మాత్రం అడగలేదు.

"జనానికి సరుకు కాదన్నా, కథ కావాలి. తేనె ఎలా తెస్తావో ఉన్నదున్నట్టు చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడు లేడు. బుచ్చిలింగం పొంగిపోయి, పచ్చాకులతో పొగ ఎలా పెడతాడో, నల్లరాతి కొండ మీద ఏ పట్టు ఎప్పుడు పిండుతాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. గుణాకరం అదంతా ఈమెయిల్లో రాసి, పట్టు పిండుతున్న ఫోటో జోడించి, పైన 'పట్టు నుంచి నేరుగా మీ నోట్లోకి!' అని పెట్టాడు.

పుల్లంరాజు అది చూసి కంగారుపడ్డాడు. "బాబాయ్, ఇది ఎవరెవరికి వెళ్తోందో చూశారా? పోనీ, 'ఇక పంపకండి' అనే మీటైనా ఏదీ?"

"ఉంది," అన్నాడు గుణాకరం. "ఎవరికీ కనపడకుండా పెట్టాను. కనపడితే నొక్కేస్తారు కదా!"

ఈమెయిల్ వెళ్ళింది. రోజుకి మూడుసార్లు చొప్పున వారం రోజులు వెళ్ళింది.

ఎనిమిదో రోజు కొట్టు ముందు ఆకాశం నల్లబడింది. రెక్కలున్న ఏడు వేలమందీ తేనెటీగలే. ముందున్న ముసలి ఈగ కొట్టు బల్ల మీద వాలింది.

"మీ ఈమెయిల్ అందింది నాయనా. మూడేళ్ళుగా మా పిల్లల తిండి ఎవరు పట్టుకుపోతున్నారో తెలియక కుమిలిపోతున్నాం. ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు."

బుచ్చిలింగం బల్ల వెనక్కి జరిగాడు. "అమ్మా, ఇక వద్దనుకుంటే అడుగున ఒక మీట..."

"చాలా వెతికాం. దొరకలేదు. అందుకే స్వయంగా చెప్పిపోదామని వచ్చాం."

చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. బుచ్చిలింగం పరుగెత్తి వాగులో ముక్కు దాకా మునిగాడు. కొట్టులో ఉన్న తేనె చుక్క మిగలకుండా కొండెక్కింది.

గుణాకరం గట్టు మీదికి పరుగున వచ్చాడు. "అన్నా! ఏడు వేలమందీ చదివారు, ఏడు వేలమందీ కొట్టుకొచ్చారు! ఏ సైటుకైనా ఇంత స్పందన ఉందా?"

పెదవులు కుండల్లా వాచిన బుచ్చిలింగం తిట్టబోతే 'బ్బబ్బబ్బ' అని మాత్రమే వచ్చింది. పుల్లంరాజు ముక్కుతో తడిమన్ను తెచ్చి అతని వాపుల మీద మెత్తాడు.

ఇప్పుడు బుచ్చిలింగం ఎదురు కొట్టులో బెల్లం బుట్టలు మోస్తున్నాడు. గుణాకరం కొత్త ఆఫీసు తెరిచాడు. సలహా కోసం ఏనుగుల దగ్గర్నుంచి ఎలుకల దాకా వరసలో నిలబడుతున్నాయి.

నీతి: తేనెటీగలు సలహాదారుల్ని కుట్టవు.