నా కారు దప్పిక, నల్లగుట్లపల్లె వాల్వు

కారు కొనబోయే వారికి నా సలహా ఒక్కటే. రంగు చూడకండి, టైర్లు తన్ని చూడకండి, ఇంజను చప్పుడు విని తల ఊపకండి. రేడియేటర్లో నీళ్లు కారుతున్నాయా లేదా అని మాత్రం అడగండి. కారడం లేదంటే ఆ కారు మీకొద్దు!

నవ్వుతున్నారా? మూడేళ్ల కిందట, 2000లో, ఈ సెకండ్ హ్యాండు కారు కొన్నప్పుడు నేనూ మీలాగే నవ్వేవాణ్ని. ఇప్పుడు అనుభవం మీద చెబుతున్నాను. మనిషిని మనిషిగా నిలబెట్టేది లీకు. అది కూడా ధారగా కారేది కాదు. ధారగా కారితే దారినపోయే వాడికైనా కనబడుతుంది, అందులో గొప్పేముంది? ఎక్కడి నుంచి పోతుందో ఎవరికీ అంతుబట్టకుండా, నెమ్మదిగా, మర్యాదగా పోవాలి.

అటువంటి లీకు మొన్నమొన్నటి దాకా నాకుండేది.

నేనుండేది అనంతపురంలో, కాలేజీలో పాఠాలు చెప్పేది కదిరిలో. సోమవారం కారులో వెళ్తాను, శనివారం తిరిగి వస్తాను. ఆదివారం ఈ కాలమ్ రాసి సమాజాన్ని ఉద్ధరిస్తాను. రేడియేటర్లో కూలెంటు అనే ఆకుపచ్చ ద్రవం పోయాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం రాసినాయన మా జిల్లాకు వచ్చి ఉండడు. ఇక్కడ మనుషులకు దొరికే నీళ్లే కారుకూ దొరుకుతాయి. అవి కూడా దొరికిన రోజున.

లీకు వల్ల లాభాలా? ఒకటా రెండా!

వేడి చూపించే సూది ఎర్రగీత వైపు కదలగానే బండి ఆపాలి. బానెట్ ఎత్తాలి. వెంటనే మూత తీస్తే మొహం ఉడికిపోతుంది కాబట్టి అరగంట ఆగాలి. ఈ రోజుల్లో ఊరికే అరగంట కూర్చునే భాగ్యం ఎంతమందికి ఉంది? జిల్లా కలెక్టరుకుందా? సెల్‌ఫోను చెవికి అంటించుకుని తిరిగే మా ప్రిన్సిపాలుకుందా? నాకుంది! వారానికి రెండుసార్లు!

ఇక లోకజ్ఞానం. లీకు లేనివాడికి కదిరి రోడ్డంటే మైలురాళ్లు, స్పీడ్ బ్రేకర్లు. నన్నడగండి. ఏ ఊరి బోరు ఏ నెలలో ఎండిపోయిందో, ఏ ఊరి నీళ్లలో కందిపప్పు ఉడుకుతుందో, ఏ ఊళ్లో ట్యాంకరు వస్తే ఎవరు ముందు పరుగెత్తుతారో పొల్లు పోకుండా చెబుతాను. విశ్వవిద్యాలయాల వాళ్లు ఇటువంటి విషయాల మీద పరిశోధన చేసి డాక్టరేట్లు తెచ్చుకుంటారు. నాకు రేడియేటరు ఇచ్చింది.

సంసారంలో వచ్చిన మార్పు సంగతి వేరే చెప్పాలి. మా ఆవిడ ఇదివరకు నేను ఊరికి బయలుదేరుతుంటే తలెత్తి కూడా చూసేది కాదు. లీకు మొదలైనప్పటి నుంచి గేటు దాకా వచ్చి “నీళ్లు తాగిండాదా?” అని అడుగుతుంది. నన్ను కాదు, కారును గురించి. అయినా అడుగుతుంది కదా!

అలాగని లీకు కనిపెట్టే ప్రయత్నం నేను చేయలేదని అనుకోకండి. మా స్టాఫ్ రూములో లీకు మీద మాట్లాడని లెక్చరరు లేడు. కారు లేని వాళ్లు ఇంకా ఎక్కువ మాట్లాడారు. ఒకాయన రేడియేటర్లో పసుపు కలపమన్నాడు, పసుపు చిల్లుల్ని పూడుస్తుందట. కలిపాం. రేడియేటరు పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు తయారైంది, నీళ్లు మాత్రం ఎప్పటిలాగే పోయాయి. ఇంకొకాయన కారు కింద కాగితాలు పరిచి చూడమన్నాడు. శనివారం నా కాలమ్ ఉన్న పాత పేపర్లు పరిచాను. ఆదివారం తీసి చూస్తే ఒక్క చుక్క మరక కూడా లేదు.

“మీరు రాసింది ఒగ పనికొచ్చేది ఇదే మొదుటిసారి,” అంది మా ఆవిడ ఆ పేపర్లు మడుస్తూ. “అదీ కుదర్ల్యా.”

అనంతపురంలో మా మెకానిక్ ఓబుళేసు చేయి తిరిగినవాడు. గొట్టాలు మార్చాడు, క్లిప్పులు బిగించాడు, రేడియేటరు మూత కొత్తది వేశాడు. ఇంజను ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని చూశాడు, కలవడం లేదు. చివరికి నా వైపు అనుమానంగా చూశాడు. “సార్, నీళ్లయితే పోతాండాయి. యాడికి పోతాండాయో ఆ దేవునికే తెలియాల,” అన్నాడు.

పోనీలే అనుకున్నాను. ఎందుకంటే సగం దారిలో నాకు నల్లగుట్లపల్లె ఉంది.

నల్లగుట్లపల్లె నలభై ఇళ్ల ఊరు. ఊరి బోరు నీళ్లు ఉప్పన. అదీ మైలు దూరం. పట్నానికి మంచినీళ్లు తీసుకుపోయే పెద్ద పైపు మాత్రం ఊరిని రాసుకుంటూ పోతుంది. పోతుంది, అంతే. ఊళ్లోకి రాదు. తిప్పన్న అనే ఆయన ఒక్క కొళాయి పెట్టించండని ఆరేళ్లుగా అర్జీలు ఇస్తున్నాడు. అర్జీ అందినట్టు ఇచ్చిన చీటీలన్నీ ఒక సంచిలో దాచుకున్నాడు. కొళాయి రాలేదు కానీ సంచి నిండింది.

అయితే ఆ పైపు మీద, లోపలి గాలి బయటికి పోయేందుకు పెట్టిన వాల్వు ఒకటి ఊరి మొగదలలోనే ఉంది. దానికీ నా కారుకు ఉన్న గుణమే ఉంది. కారేది! చిటికెన వేలంత ధార, తియ్యటి నీళ్లు. నలభై ఇళ్లూ దాని మీదే బతికేవి. బిందెలు వరుసగా ఉండేవి. బిందె లేనివాళ్లు వంతు కోసం ఒక రాయి పెట్టి వెళ్లేవాళ్లు. ఏ రాయి ఎవరిదో కదిరమ్మకు తెలుసు. యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, ఆ వరుసకు కలెక్టరు ఆమే.

నా కారు ఆవిరి కక్కుతూ ఆగగానే ఆమె గొంతు వినబడేది. “ఏమప్పా అయ్యవారూ, మళ్లా దప్పిగొన్నాదా నీ బండి? ముందర దానికి పట్టుకో. నోరు లేని గొడ్డు, అడగల్యాదు పాపం.”

బిందెలన్నీ జరిగేవి. నా క్యాను ముందుకు వచ్చేది. తాగడానికి నీళ్లు లేని ఊరు నా కారుకు నీళ్లు తాగించేది! ఇంజను చల్లబడే దాకా ఆ అరగంటా కదిరమ్మ నాకు శనక్కాయలు పెట్టి, ఆ ఏడు పంట ఎట్లా పోయిందో చెప్పేది. లీకు లేకపోతే ఈ మర్యాద నాకెక్కడిది?

ఇక నేను చేసిన ఘనకార్యం వినండి.

రెండు నెలల కిందట ఒక ఆదివారం నాకు రాయడానికి ఏమీ తోచలేదు. తోచనప్పుడు నాకు బాధ్యత గుర్తొస్తుంది. కరువు జిల్లాలో మంచినీటి పైపు కారుతుంటే అధికారులు ఏం చేస్తున్నారని గర్జించాను. నల్లగుట్లపల్లె పేరు రాశాను. ‘వందల బిందెల అమృతం రోజూ నేలపాలవుతోంది!’ అని ముగించాను. నేలపాలు అనే మాట అక్కడ బాగా పడింది. రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను.

సోమవారం అది అచ్చయింది. మంగళవారం ఒక అధికారి ఫోన్ చేశారు. మీవంటి పౌరులు ఊరికొకరు ఉండాలన్నారు. బుధవారానికల్లా పని పూర్తయింది. రెండు రోజులు! మన ప్రభుత్వానికి వేగం లేదన్నవాళ్లు సిగ్గుపడాలి.

శనివారం తిరుగు ప్రయాణంలో సూది లేచింది, ఆపాను. కొత్త వాల్వు, దాని చుట్టూ సిమెంటు పెట్టె, పైన ఇనప మూత, మూతకు తాళం. బిందెలు లేవు. రాళ్లు మాత్రం వరుసగా అట్లాగే ఉన్నాయి.

కదిరమ్మ బోరు దగ్గర నుంచి అప్పుడే బిందెతో వస్తోంది. “ఎవుడో పేపర్లో రాసినాడంట అయ్యవారూ, నీళ్లు నేలపాలైతాండాయని,” అంది బిందె దించుతూ. “ఈడ నేల యాడ తడిసిండెనో వచ్చి సూపియ్యమను ఆ మహానుబావున్ని.”

ఆ మహానుభావుడు బానెట్ కింద తల దూర్చి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు.

నేను అడగలేదు. ఆమే ఆ ఉప్పునీళ్ల బిందెలో సగం నా క్యానులో వంచింది. వద్దక్కా అన్నాను. “ఊరుకోప్పా. గొడ్డును ఎండగట్టి పంపిస్తామా?” అంది.

ఆ తరువాత ఆరు వారాలు కారు ఆ ఉప్పునీళ్లే తాగింది. పోయిన ఆదివారం ఓబుళేసు బానెట్ ఎత్తి గట్టిగా కేక పెట్టాడు. “సార్, దొంగ దొరికినాడు! ఈడ సూడు, నీళ్ల పంపు కింద. తెల్లగ సుద్ద గట్టిండాది.”

నీళ్లు కాచే గిన్నెకు పట్టే తెల్లటి పొరలాంటిదే, పంపు కిందున్న సన్నని రంధ్రం నుంచి ఒక చార కట్టి ఉంది. లోపల సీలు పోయిందట. బండి నడుస్తున్నప్పుడే చుక్క చుక్క బయటికొచ్చి, ఇంజను వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతోందట. అందుకే కింద పరిచిన పేపరు తడవలేదు.

“ఇన్నాళ్లూ యా నీళ్లు పోసినావు సార్?”

“మొన్నటి దాకా మంచినీళ్లు. ఈ ఆరు వారాలే ఉప్పునీళ్లు.”

“అదీ సంగతి! మంచినీళ్లు ఆవిరైతే మరక ఉండదు సార్. ఉప్పునీళ్లు సుద్ద ఇడ్సిపెట్టి పోతాయి. మొదుట్నుంచీ అవే పోసింటే ఎప్పుడో దొరికిండేది.”

గంటలో సీలు మార్చాడు. లీకు ఆగిపోయింది.

చూశారా ఎంత లాభమో! ఊరి లీకు కట్టించాను కాబట్టి నా లీకు దొరికింది. వాళ్లకు ఉప్పునీళ్లు, నాకు చల్లటి ఇంజను. ఇప్పుడు నేను నల్లగుట్లపల్లెలో ఆగనక్కరలేదు. అరవై మీద నేరుగా వెళ్లిపోవచ్చు. కదిరమ్మ కళ్లలోకి చూడనక్కరలేదు. కారు బాగుపడితే ఎంత సుఖం!

మొన్న సోమవారం ఆ సుఖం అనుభవిద్దామనే బయలుదేరాను. కానీ డిక్కీలో మా ఇంటి కొళాయి నీళ్లు నాలుగు క్యాన్లు పెట్టుకున్నాను. సూది లేవకపోయినా నల్లగుట్లపల్లెలో బండి ఆగింది. కారు బాగైందని చెప్పి క్యాన్లు దించాను.

“కారు బాగైతే ఇంగ క్యాన్లెందుకప్పా?” అంది కదిరమ్మ.

“ఇవి నీకే అక్కా,” అన్నాను. తల ఎత్తలేక నేల చూస్తూ చెప్పాను. “ఆ పేపర్లో రాసింది నేనే. తప్పయిపోయింది.”

ఆమె తిడితే బాగుండును అనిపించింది. క్యాన్ల వైపు చూసింది, తాళం వైపు చూసింది.

“నువ్వు రాస్తే రెండు దినాలకే వచ్చిరా?”

“వచ్చినారక్కా.”

“మా తిప్పన్న ఆరేండ్లు రాసినా రాల్యా. లీకు అని రాస్తేనే వస్తారు మాదిరి ఉండాది.” నా దగ్గరికి వచ్చింది. “అయితే ఇంగొగటి రాయి. మా ఇంటి ముందర కొళాయి లీకైతాండాదని రాయి.”

“మీకు కొళాయే ల్యాదు కదక్కా!”

“అది వాళ్లకు తెలుసునా?” అంది కదిరమ్మ.

 మూడేళ్లుగా కాలమ్ రాస్తున్న నాకన్నా ప్రభుత్వం సంగతి ఆమెకే బాగా తెలుసు. అందుచేత బాధ్యత గల పౌరుడిగా మళ్లీ గర్జిస్తున్నాను.

సంబంధిత అధికారులకు మనవి. నల్లగుట్లపల్లెలో, మొదటి వీధిలో, కదిరమ్మ ఇంటి ఎదుట ఉన్న కొళాయి ఆరేళ్లుగా కారుతోంది. వందల బిందెల అమృతం రోజూ నేలపాలవుతోంది. దయచేసి రెండు రోజుల్లో వచ్చి బాగు చేయండి. తీరా వచ్చాక అక్కడ కొళాయి కనబడకపోతే కంగారుపడకండి, వచ్చేటప్పుడే ఒకటి వెంట తెచ్చుకోండి.