గుహ శుభ్రంగా ఉంది, ఐదు స్టార్లు!

ఎడారిలో మనిషి ప్రాణం నిలబెట్టేది నీళ్లనుకుంటున్నారా? అది పాతకాలం మాట! నిలబెట్టేది రేటింగు.

నమ్మకపోతే ఈజిప్టులో మా బహరియా ఒయాసిస్సుకి రండి. మా మబ్రూక్ మామయ్య ముప్ఫై ఏళ్లుగా జనాన్ని జీపెక్కించి, ఇసుక దిబ్బలన్నీ దాటించి, గుహ చూపించి, ప్రాణాలతో వెనక్కి తెస్తున్నాడు. అన్నేళ్లూ ఆయన మంచి గైడో కాదో ఎవరికీ తెలియనే లేదు, పాపం! ఎలా తెలుస్తుంది, యాప్ లేదుగా! కైరోలో కంప్యూటర్లు చదివొచ్చి నేనే ఆయన్ని యాప్‌లోకి ఎక్కించాను.

అప్పట్నుంచీ జ్ఞానం వచ్చి పడుతూనే ఉంది. ఇసుక మరీ ఎక్కువగా ఉందని ఒకాయన రాశాడు. గుహలో చీకటిగా ఉందని ఇంకొకావిడ. ఇన్ని వేల ఏళ్లలో ఎవరైనా గమనించారా ఈ సంగతి? ఇసుకలో బండి కూరుకుపోకుండా మామయ్య ముందే టైర్లలో సగం గాలి తీసేస్తాడు. "డ్రైవరు నా కళ్లెదుటే నాలుగు టైర్లూ పాడుచేశాడు" అని ఫొటోలతో సహా పెట్టాడు ఓ పళ్ల డాక్టరు!

కైరో నుంచి వచ్చిన మదామ్ ఇంజీ మాత్రం అసలు లోపం పట్టేసింది. "గుహ అద్భుతం. కానీ వాకిట్లోనే, రాయి వెనక ఓ పాత ప్లాస్టిక్ డబ్బా. ఏమిటా చెత్త? మూడు స్టార్లు."

దాంతో మా రేటింగు నాలుగున్నర కంటే కిందికి జారింది. ఇంకాస్త జారితే యాప్ మమ్మల్ని తీసేస్తుంది. ఆ తర్వాత మామయ్య జీపు కోళ్లు పడుకోవడానికే.

ఆ నీలం డబ్బాలో ఉండేది నీళ్లు. తాతల కాలంలో అక్కడ మట్టికూజా ఉండేది. దారి తప్పినవాడు తాగుతాడు, తర్వాత వచ్చినవాడు నింపి వెళ్తాడు. అంతే.

"మామయ్యా, ఆ డబ్బా తీసేద్దాం," అన్నాను.

"తియ్యడానికి అది నాదేంటే? రేపొచ్చేవాడిది."

"రేపొచ్చేవాడు రేటింగివ్వడు మామయ్యా!"

"ఇవ్వకపోతే పీడా పోయె. బతికుంటాడు కదే! పోయి టీ పెట్టవే, ఇంజినీరమ్మా."

టీ పెట్టాను. తర్వాతి ట్రిప్పులో వీడియో తీస్తానని వెంట వెళ్లి, ఆయన అతిథులతో గుహ లోపల ఉండగా డబ్బాని జీపులో దుప్పట్ల కింద దాచి ఇంటికి తెచ్చేశాను. నెలకోసారి నింపడానికి తప్ప మామయ్య ఆ రాయి వెనక్కి తొంగిచూడడు. శుభ్రమైన వాకిలి ఫొటో పెట్టాను. రెండు వారాల్లో నాలుగు పాయింట్ ఏడు! చూశారా మహిమ?

పోయిన మంగళవారం గుహకి గంట నడక దూరంలో జీపు ఓ రాతి అంచు మీంచి ఎగిరిపడింది. యాక్సిల్ విరిగింది. వెనకున్న డ్రమ్ము పగిలి, నీళ్లన్నీ ఇసుక తాగేసింది. ఫోను సిగ్నల్ లేదు. మామయ్య కంగారుపడలేదు. "భయపడకండి, గుహ దగ్గర నీళ్లున్నాయి," అంటూ అతిథులిద్దరినీ ఎండలో నడిపించుకెళ్లాడు. వెళ్లి, వాకిట్లో రాయి వెనక చెయ్యి పెట్టాడు.

అక్కడేముంది? శుభ్రం ఉంది!

మధ్యాహ్నం ఇంకో ట్రిప్పు జీపు అటు రాబట్టి ముగ్గురూ ఇంటికి చేరారు. అతిథులు అదే రోజు రాశారు: "నిజమైన సాహసం! గుహ ఎంత శుభ్రంగా ఉందో! ఐదు స్టార్లు."

పగిలిన పెదాలతో మామయ్య గుమ్మంలో కూర్చుని చెప్పులు దులుపుకుంటున్నాడు. ఇప్పుడు తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని చూస్తున్నాను.

"డబ్బా లేదే రొవైదా," అన్నాడు. "ఎవడో మరీ దాహం మీద పట్టుకుపోయుంటాడు. తాగి బతికుంటే చాల్లే. బజారుకెళ్లి ఇంకోటి తే. ఈసారి పెద్దది తే."

తెచ్చాను. ఎవడు పట్టుకుపోయాడో ఆయనకింకా చెప్పలేదు. ముందు మీకు చెబుతున్నాను.

కాబట్టి పాఠకుల్లారా, మా గుహకి తప్పకుండా రండి. వాకిట్లో నీలం డబ్బా కనిపిస్తే ఫొటో తీసి, చెత్త అని తిట్టి, మొహమాటపడకుండా మూడు స్టార్లే ఇవ్వండి. యాప్ మమ్మల్ని తీసేస్తే తీసెయ్యనీ. డబ్బా అక్కడే ఉందని నాకు తెలియాలి కదా!