వెబ్‌సైట్లకి గేట్ పాస్

మా పక్కింటి వరహాలమ్మగారు గోడ మీదుగా చెప్పినదాన్నిబట్టి, కమ్యూనిటీ హాల్లోని ఇంటర్నెట్ గదిలో వీరేంద్ర ఏదో చూస్తూ, మనిషి అలికిడి వినగానే చటుక్కున అది మూసేశాడు. ఆవిడ కళ్ళారా చూడలేదు. సూర్యకాంతమ్మగారు చూశారట. సూర్యకాంతమ్మగారు ఆ రోజు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయారట. అయినా కుర్రాడి చెవులు ఎర్రబడడం మాత్రం స్పష్టంగా కనిపించిందట.

ఇంత గట్టి సాక్ష్యం దొరికాక చేతులు కట్టుకుని కూర్చోవడం భావ్యం కాదు గనక, గాజువాక శ్రీ సాగరలక్ష్మి కాలనీ సంక్షేమ సంఘం 2004 వేసవిలో అత్యవసరంగా సమావేశమైంది. ఆ కుర్రాడు ఎవరన్నది ముఖ్యం కాదని అధ్యక్షులు సన్యాసిరాజుగారు మొదటే తేల్చేశారు. ఆ కుర్రాడు ఆయన రెండో కొడుకు. ఏం చూశాడో అతన్నే అడిగితే పోయేదని ఎవరికీ తోచలేదు. తోచి ఉంటే కాలనీకి ఇంత అభివృద్ధి జరిగేది కాదు.

కంప్యూటర్ కోర్సు చదివి ఉద్యోగం కోసం చూస్తున్న నాగవంశీ ఉపాయం చెప్పాడు. బయటి లైనుకీ మన కంప్యూటర్లకీ మధ్య ఇంకో కంప్యూటర్ కూర్చోబెడతారు. దాన్ని ప్రాక్సీ సర్వర్ అంటారు. ఎవరు ఏ వెబ్‌సైట్ అడిగినా అదే వెళ్ళి తెచ్చిపెడుతుంది, తేవద్దన్నది తేదు. చెడ్డవాటి పేర్లు ఇస్తే చాలు, మిగతావన్నీ మామూలుగా వస్తాయి.

సన్యాసిరాజుగారు పెద్ద కర్మాగారంలో గేట్ పాస్ విభాగంలో పనిచేసి రిటైరైనవారు. ఆయన చేతి మీదుగా పాస్ లేకుండా లోపలికి వెళ్ళింది ఉప్పుగాలి ఒక్కటే. "చెడ్డవాళ్ళని ఆపి మిగతా అందర్నీ వదిలేస్తే అది గేటు అవదు బాబూ, సంత అవుతుంది" అన్నారు. అందర్నీ ఆపాలి. పాస్ ఉన్నవాళ్ళని వదలాలి. నాగవంశీ తల ఊపి, సర్వర్‌ని అలాగే అమర్చాడు.

నిబంధనలు మరునాడే గోడకెక్కాయి. ఏ వెబ్‌సైట్ లోపలికి రావాలన్నా అది తమకు బాగా తెలుసుననీ, దాని నడవడిక మంచిదనీ ఇద్దరు సభ్యులు సంతకాలు చెయ్యాలి. పాస్ ఆ పూటకే చెల్లుతుంది. సాయంత్రం ఆరు తర్వాత ఏ వెబ్‌సైటూ ఆవరణలో ఉండరాదు.

మొదటి పాస్ దేవుడి వెబ్‌సైట్‌కి దక్కింది. కొండ మీది అప్పన్న అందరికీ తెలిసినవాడే గనక సంతకాలకి తోపులాట జరిగింది. అయినా సాయంత్రం ఆరింటికి స్వామిని కూడా బయటికి పంపి, పొద్దున్న మళ్ళీ పాస్ రాశారు. గేటుకి పక్షపాతం ఉండకూడదు. తర్వాత, ఏది కావాలన్నా వెతికి చూపించే వెబ్‌సైట్ ఒకటి విచారణకి వచ్చింది. దాని సొంత వ్యాపారం ఏమిటని అధ్యక్షులు అడిగారు. సొంతంగా ఏమీ లేదు, ఎవరెక్కడున్నారో చెబుతుందంతే అన్నాడు నాగవంశీ. "అంటే బ్రోకరు" అని తిప్పి పంపేశారు.

ఇక చెడ్డ వెబ్‌సైట్ల సంగతి. పాస్ లేనివేవీ ఎలాగూ రావు గనక వాటి జోలికి పోనక్కర్లేదని నాగవంశీ అన్నాడు. కుర్రతనం. శత్రువు ఎలా ఉంటాడో తెలియకుండా కాపలా కాయడం ఎలాగని కోశాధికారి సింహాద్రిగారు ప్రశ్నించారు. అందుకని ఒక కంప్యూటర్‌ని సర్వర్ బారిన పడకుండా నేరుగా బయటి లైనుకి కలిపి, చుట్టూ ఆకుపచ్చ తెర కట్టి, పరిశీలక సంఘాన్ని నియమించారు. ఏభై దాటినవారే అర్హులు. ఆ వయసులో మనసు చలించదని శాస్త్రీయమైన నమ్మకం.

ఈ మహానుభావుల త్యాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. మధ్యాహ్నం కునుకు మానేశారు. చీట్లపేక మానేశారు. ముందు ముగ్గురే ఉండేవారు, సేవాభావం అంటుకుని కాలనీలో రిటైరైన మగవాళ్ళంతా చేరారు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, జనరల్ షిఫ్టు పెట్టుకున్నారు. రిలీవర్ వచ్చినా కుర్చీ దిగకుండా ఓవర్‌టైం చేసినవారున్నారు. సింహాద్రిగారికి మెడ పట్టేసినా, పట్టీ కట్టుకుని వచ్చారు. గాలికి తెర ఎగురుతోందని దళసరి తెర కుట్టించారు. ప్రతి నెలా ఒకటే నివేదిక: పరిస్థితి ఆందోళనకరం, మరింత లోతుగా పరిశీలించవలసి ఉన్నది.

ఆ రోజుల్లోనే అలేఖ్య వచ్చింది. ఆ పిల్ల తల్లి చిట్టెమ్మ కాలనీ వెనక వీధిలో ఉంటుంది, గంగవరం చేపలు తట్టలో తెచ్చి మా ఇళ్ళకే అమ్ముతుంది. అలేఖ్య డిగ్రీ పూర్తి చేసి, పరవాడలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగానికి పరీక్ష రాసింది. ఇంటర్వ్యూకి ఎవరిని పిలిచారో, ఏ రోజు రావాలో కంపెనీ వెబ్‌సైట్‌లోనే పెడతామన్నారు. ఆ ఒక్క పేజీ చూడాలి.

పాస్ కావాలంటే రెండు సంతకాలు కావాలి. చిట్టెమ్మ పరిశీలక సంఘంలో ఉన్న దాలయ్యని పట్టుకుంది. ఆయన పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాడు, ఆవిడకి వరసకి బావ.

"సూడకుండా సంతకం ఎలా ఎట్టీమంతావే సిట్టెమ్మా? నాను అబద్దం ఆడనేను" అన్నాడు దాలయ్య.

"అయితే సూడు బావా."

"సూద్దునే. ఆ మిసను కాళీ నేదు."

నిజమే. ఆకుపచ్చ తెర వెనక అప్పుడు అత్యంత ఆందోళనకరమైన పరిశీలన జరుగుతోంది. రేపు రమ్మన్నారు. మర్నాడు వెళితే ఒక సంతకం దొరికింది, రెండోది చెయ్యాల్సిన పెద్దమనిషి తెర లోపలి నుంచే "రేపు, రేపు" అన్నారు. బజార్లోని నెట్ సెంటర్‌కి పోతానని అలేఖ్య అంటే సన్యాసిరాజుగారు కన్నతండ్రిలా మందలించారు. ఆ చెక్క గదుల్లోకి మర్యాద గల ఆడపిల్లలు వెళ్ళరని, ఇక్కడ సంఘం ఉండగా తొందరేమిటని హితవు చెప్పారు. పెద్దల మాట మీద గౌరవంతో ఆ పిల్ల రోజూ వచ్చి, అప్పన్న దర్శనం చేసుకుని, సంతకం కోసం కూర్చుని, ఆరింటికి స్వామివారితో పాటే బయటికి నడిచింది.

చివరికి ఒకరోజు ఎవరికీ చెప్పకుండా గాజువాక జంక్షన్‌లో నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసుకుంది. పేరు ఉంది. ఇంటర్వ్యూ ముందురోజే అయిపోయింది. షేర్ ఆటోలో పరవాడ వెళితే గేటు దగ్గరే ఆపేశారు. ఇంటర్వ్యూ కాగితం లేనిదే పాస్ ఇవ్వరట. గేట్లన్నీ పద్ధతిగానే పనిచేస్తున్నాయి.

సంఘం వార్షికోత్సవం ఘనంగా జరిగింది. జనరల్ షిఫ్టువారు మాత్రం విధి నిర్వహణలో ఉండి సభకి రాలేకపోయారు. "మన పిల్లలు చూడకూడనిది ఒక్కటంటే ఒక్కటి చూడలేదని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను" అన్నారు సన్యాసిరాజుగారు. చప్పట్లు మోగాయి. ఇంటర్నెట్ గదికి అందరికంటే ఎక్కువ రోజులు హాజరైన అలేఖ్యకి ఉత్తమ వినియోగదారు బహుమతి ప్రకటించారు. అలేఖ్య రాలేదు. చేపల తట్ట గుమ్మం దగ్గర దించి చిట్టెమ్మ వచ్చింది. ఆవిడ భుజాన శాలువా కప్పి, తల్లిగా సంఘం సేవ గురించి రెండు ముక్కలు చెప్పమని మైకు ఇచ్చారు.

చిట్టెమ్మ మైకు కేసి చూడలేదు. మూలనున్న ఆకుపచ్చ తెర కేసి చూసింది.

"మా గుంట సూడాల్సింది ఒక్కటే బాబూ. అదొక్కటీ తప్ప మీరు అన్నీ సూసీసినారు."

సన్యాసిరాజుగారు మైకు అందుకున్నారు. అందుకుని, బల్ల మీద పెట్టారు.