దాతగారి కుటుంబానికి తాత్కాలిక సాయం

తుంగభద్ర పొంగి మా ఊరు కెంచనగుడ్డలోకి వచ్చిపోయిన మూడో రోజున మంత్రిగారు ఒక గని యజమాని హెలికాప్టర్‌లో వచ్చి, ఆకాశం నుంచే మా కష్టాలన్నీ చూసి, బళ్ళారిలో దిగి ప్రకటించారు: "ఇల్లు కూలిన ప్రతి కుటుంబానికీ ఇరవై నాలుగు గంటల్లో తాత్కాలిక ఆర్థిక సాయం!" అంత ఎత్తు నుంచి మా ఇంటి గోడ పడిన సంగతి కనిపెట్టిన ఆ చూపుకు నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

నేనూ, నా భార్య రామసుబ్బమ్మా బడి వరండాలో ఉంటున్నాము. సోమవారం బడి తెరుస్తారు. ఆలోగా ఇంటి మీద నాలుగు రేకులు పడాలి.

అర్జీ పట్టుకుని సిరుగుప్ప తాలూకాఫీసుకు పోతే, నా బురద కాళ్ళు చూసి జవాను గేటు దగ్గరే ఆపాడు. "నాళె బా" అన్నాడు, రేపు రమ్మని. మర్నాడు పోతే మళ్ళీ "నాళె బా" అన్నాడు. మాట తప్పని మనిషి.

పక్కింటి హొన్నూరప్ప నవ్వాడు. నిరుడు అతనికి ఉన్నది ఒక ఎద్దులబండి. ఈ ఏడు గనులకు తిరిగే నాలుగు టిప్పర్లు, ఒక స్కార్పియో.

"ఏందప్పా నెట్టికంటప్పా, నడుచుకుంటా పోతే ఎవడు పలుకుతాడు? నా బండిలో పో. నా తెల్లచొక్కా తొడుక్కో."

"సాయం అడిగేదానికి స్కార్పియో ఎందుకప్పా?"

"బండి దిగినోడి మాటే మాట ఈ జిల్లాలో."

నిజమే. స్కార్పియో దిగగానే జవాను సెల్యూట్ కొట్టాడు. తహసీల్దారు లేచి నిలబడి, కాఫీ తెప్పించి, "వరద బాధితులకు తమరు ఏమిద్దామనుకుంటాండారు సార్?" అని అడిగాడు.

అర్జీ జేబులోనే ఉంది. మాది పెట్టిన చెయ్యేగాని చాపిన చెయ్యి కాదని మా నాయన చెప్పేవాడు. ఆయన ఎవరికీ పెట్టగా నేను చూడలేదుగానీ, కాఫీ తాగుతుంటే ఆ మాట బలంగా గుర్తొచ్చింది.

"నాలుగు మూటల వడ్లు," అన్నాను. అటక మీద తడవకుండా మిగిలినవి అవే.

గురువారం సభలో మంత్రిగారు నాకు శాలువా కప్పి, "ఇట్లాంటి దాతలుండగా ప్రభుత్వానికి ఏం బెంగ!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"ఆ శాలువా కప్పితే వాన ఆగుతుందేమో చూడు," అంది రామసుబ్బమ్మ.

శుక్రవారం తాళి రవికెలో దాచుకుని తనే బస్సెక్కింది. సాయంత్రం వచ్చి, "అర్జీ తీసుకున్నారు," అంది.

"మొగుని పేరు అడగలేదా?"

"అడిగినారు. నీ పేరు దాతల పట్టీలో ఉండాది కదా, చెప్తే ఇస్తారా? లేడన్నా."

"లేడంటే?"

"లేడంటే పోయినాడని."

శనివారం తహసీల్దారే స్వయంగా విచారణకు వచ్చాడు. నేను లుంగీ ఎగ్గట్టి, కూలిన గోడ మట్టి ఎత్తుతున్నాను. నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఎవరప్పా నువ్వు?"

"కూలోణ్ణి సార్. ఈయమ్మ కాడ పని చేస్తాండా."

చుట్టూ ఊరంతా నిలబడి ఉంది. ఎవరూ నవ్వలేదు. వాళ్ళ అర్జీలూ ఆయన సంచిలోనే ఉన్నాయి. రామసుబ్బమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుఃఖమనుకుని ఆయన గొంతు తగ్గించాడు. వేలిముద్ర తీసుకుని డబ్బు ఆమె చేతిలో పెట్టి, నా వైపు తిరిగాడు.

"పాపం, ఆ పోయినాయన ఎట్లాంటోడప్పా?"

నేను తట్ట దించి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాను.

"శానా మంచోడు సార్. నోరు తెరిచి ఎవర్నీ ఏమీ అడిగినోడు కాదు."