పెద్దన్నకు సీటొచ్చింది

కరువును నేల మీద నిలబడి చూడటం అశాస్త్రీయమని కరువు సహాయ శాఖ మంత్రిగారు అనంతపురం ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. నేల మీద నిలబడినవాడికి తన చేను, మహా అయితే పక్కవాడి చేను కనబడతాయి. దాంతో మనసు పాడై, ఉన్నదానికి నాలుగు కలిపి చెబుతాడు. అదే మూడు వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే కరువు తన అసలు సైజులో కనబడుతుంది. ఇప్పటికే మూడు జిల్లాల కరువును ఇదే పద్ధతిలో చూశాననీ, శుక్రవారం కంబదూరులో హెలికాప్టర్ ఎక్కి రాయదుర్గం, విడపనకల్లు మీదుగా తిరిగొస్తాననీ, కంబదూరును కరువు మండలంగా ప్రకటించాలో వద్దో దిగిన మరుక్షణం తేల్చేస్తాననీ ఆయన చెప్పారు.

"సార్, హెలికాప్టర్ సేఫేనా?" అని ఒక విలేకరి అడిగాడు.

"ప్రజల ఆశీస్సులే నాకు పారాచూట్" అన్నారు మంత్రిగారు. విలేకరులు రాసుకున్నారు.

ఈ వార్త కంబదూరు చేరేసరికి అందులోంచి కరువు జారిపోయి హెలికాప్టర్ ఒక్కటే మిగిలింది.

ఆ ఊళ్లో పెద్దన్న అని ఒక పార్టీ కార్యకర్త ఉన్నాడు. పార్టీ జెండా రంగు రెండుసార్లు మారినా, మోసే భుజం మార్చని మనిషి. ఇరవై ఏళ్లుగా ఆయన పార్టీని అడుగుతున్నది ఒక్కటే: సీటు. ఎంపీటీసీ సీటు అడిగితే, వచ్చేసారి అన్నారు. సింగిల్ విండో సహకార సంఘంలో డైరెక్టర్ సీటు అడిగితే, వచ్చేసారి తప్పకుండా అన్నారు. ఆ 'తప్పకుండా' అన్న మాటను పెద్దన్న చాలా ఏళ్లు దాచుకున్నాడు. ఆయనకు వంక పక్కన, అంటే వాగు ఒడ్డున, ఐదెకరాల చేను ఉంది. జూన్ వానకు వేరుశనగ వేశాడు. ఆ తర్వాత వాన ఆ దారి మరిచిపోయింది. కరువు మండలమని ప్రకటిస్తే పంట నష్టపరిహారం వస్తుంది. లేకపోతే ఊరు సగానికి సగం మూట కట్టుకుని బెంగళూరు బస్సు ఎక్కుతుంది. ఆ సగంలో తామూ ఉంటామని పెద్దన్న భార్య ఇంద్రాణి ముందే చెప్పేసింది.

హెలికాప్టర్‌లో పైలట్ పోను ఐదు సీట్లున్నాయని తెలిసింది. మంత్రిగారు, ఎమ్మెల్యేగారు, మండలాధ్యక్షుడు, వ్యవసాయ శాఖ జాయింట్ డైరెక్టర్, ఒక కాంట్రాక్టరు అని లెక్క తేలింది. పెద్దన్న మాట వరసకు ఎమ్మెల్యేగారిని కలిశాడు.

"అన్నా, నాకూ ఒక సీటు..."

"యాడుండాది సీటు? వచ్చేసారి చూస్తాంలే పెద్దన్నా."

శుక్రవారం పొద్దున కాలేజీ గ్రౌండ్‌లో ట్యాంకర్లు నిలబడి హెలిప్యాడ్‌ను తడుపుతున్నాయి. దుమ్ము లేస్తే పైలట్‌కు దారి కనబడదట. ట్యాంకర్ వెనక బిందెలు పెట్టిన ఆడవాళ్లకు తహసీల్దారుగారు ఓపికగా నచ్చజెప్పారు.

"ఇవి తాగే నీళ్లు కాదమ్మా. సేఫ్టీ నీళ్లు."

అప్పుడే నల్లప్ప టీ కొట్టులోని టీవీలో ఒక వార్త వచ్చింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఒక నాయకుడి హెలికాప్టర్ చెరకు తోటలో దిగిపోయిందట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ చూపించిన పొగనే టీవీ వాళ్లు మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు.

నల్లప్ప గ్లాసులు కడగడం ఆపి టీవీ కేసి చూశాడు.

"విమానమైతే రెక్కలుంటాయి. ఇంజను ఆగినా గాల్లో జారుకుంటా వచ్చి దిగుతాది. దీనికి నెత్తి మీద ఫ్యాన్ ఒకటే కదప్పా. కరెంటు పోతే?"

"అది కరెంటుతో తిరగదు నల్లప్పా, పెట్రోలుతో" అన్నాడు పెద్దన్న.

"ఇంగా మంచిది. మన బంకు పెట్రోలుతో నా మోటర్‌సైకిలే కంబదూరు దాటదు."

"ఎక్కేవోళ్లు పెద్ద పెద్దోళ్లు. చూసుకోకుండా ఎక్కుతారా?"

"పెద్దోళ్లు కాబట్టే భయమప్పా. ఎంత పెద్దోడైతే అంత బరువు."

పదిన్నరకు హెలికాప్టర్ వచ్చి, తడి నేల మీద ఒక్క రేణువు కూడా లేపకుండా దిగింది. జనం ఈలలు వేశారు. దాంట్లోంచి కెప్టెన్ జాయ్ అనే పైలటమ్మ దిగి, ప్రయాణికుల కోసం చూస్తూ నిలబడింది.

టీవీలోని పొగ వార్త అప్పటికే షామియానా కింద కూర్చున్న మంత్రిగారి బృందానికీ చేరింది. ఆ తర్వాత అక్కడ జరిగింది పిల్లల పాఠాల్లో చేర్చదగ్గ ఘట్టం. సీటు కోసం కొట్టుకున్నవాళ్లను ఈ గడ్డ చాలామందిని చూసింది. సీటు వద్దని కొట్టుకోవడం మాత్రం ఆ రోజే చూసింది. మొదట కాంట్రాక్టరు లేచి, ప్రజల సొమ్ముతో ఎగరడం తన మనస్సాక్షి ఒప్పుకోదన్నాడు. ఆయనకు మనస్సాక్షి ఉన్న సంగతి దగ్గరివాళ్లకు కూడా అప్పుడే తెలిసింది. జాయింట్ డైరెక్టర్‌గారు వేర్లను పరిశీలించే శాస్త్రవేత్త పైకి పోకూడదన్నారు. మండలాధ్యక్షుడికి ఆ వారం పడమటి దిక్కు ప్రయాణం పనికిరాదట. ఎమ్మెల్యేగారు కొంచెంసేపు ఆలోచించి, తన సీటును మండల ప్రజలకు అంకితం చేశారు. చప్పట్లు పడ్డాయి.

ఇక మంత్రిగారు మిగిలారు. టీవీ కెమెరాలు ఆయన మీదే ఉన్నాయి. ఆయన మైకు అందుకున్నారు.

"నేను పైకి పోతే కరువును మంత్రి కళ్లతో చూస్తాను. అది నాకిష్టం లేదు. సామాన్యుడి కళ్లతో చూడాలి. అందుకని ఈ రోజు హెలికాప్టర్‌లో సామాన్యుడే వెళతాడు!"

చప్పట్లు మళ్లీ పడ్డాయి. అయితే చప్పట్లు కొట్టిన సామాన్యులంతా ఒక్కో అడుగు వెనక్కి వేశారు. జేబులో చెయ్యి పెట్టుకుని ఉన్నందువల్ల పెద్దన్న చప్పట్లూ కొట్టలేదు, అడుగూ వేయలేదు. అందరికంటే ముందు నిలబడిపోయాడు.

మంత్రిగారి పీఏ యూసుఫ్ వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దన్నా, నీకు సీటొచ్చింది."

పెద్దన్న గుండె ఒక్కసారి గంతేసింది. "ఎంపీటీసీయా అన్నా?"

"కిటికీ పక్కది."

పెద్దన్న జీవితంలో ఎక్కిన ఎత్తు ఇంటి మిద్దె ఒక్కటే. అది కూడా ఎండబెట్టిన మిరపకాయలు తీయడానికి. ఇంద్రాణి ఆడవాళ్ల గుంపులోంచి తోసుకుంటూ వచ్చింది.

"ఏమి, నువ్వు పోతాండావా దాంట్లో? కొండల మీద ఎన్ని గాలిమరలుండాయో తెల్దా? దీని ఫ్యానూ దాని ఫ్యానూ తగులుకుంటే?"

"తగులుకోవులే."

"పోనని చెప్పు. ఏమైతాది?"

"ఇరవై ఏండ్ల నుంచి సీటు, సీటని తిరిగినోడ్ని. ఇచ్చినప్పుడు వద్దంటే మల్ల ఎవురిస్తారే?"

ఇంద్రాణి ఆయన ముఖం చూసింది. కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది. గొంతు తగ్గించింది.

"సరే, పో. పోతే పోయినావు గానీ, బాగా చూసి రా. మన చేను చూడు, ఊర్లో చేన్లన్నీ చూడు. చూసిందంతా ఆ మంత్రికి చెప్పు. మనం చెబితే నమ్మరు, పైనుంచి చూసినోడు చెబితే నమ్ముతారంట."

ముందు మంత్రిగారి ఫొటో కార్యక్రమం జరిగింది. ఆయన ఎడమ తలుపులోంచి హెలికాప్టర్ ఎక్కి, కిటికీలోంచి గంభీరంగా కిందికి చూసి, కుడి తలుపులోంచి దిగిపోయారు. ఎక్కడం కంటే దిగడంలో ఆయన చురుకుదనాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత పెద్దన్నను ఎక్కించి బెల్టు బిగించి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. మిగిలిన నాలుగు సీట్లూ ఖాళీగా ఆయన వైపు చూస్తున్నాయి.

"అమ్మా, ఇంజను ఆగిపోతే?" అని అడిగాడు పెద్దన్న.

హైదరాబాద్‌లో పదేళ్లుగా ఉంటున్న ఆ మలయాళీ పైలటమ్మ వెనక్కి తిరిగి నవ్వింది. "ఆగినా పైన రెక్కలు గాలికి తిరుగుతూనే ఉంటాయి సార్. మెల్లగా దించేయొచ్చు."

"నువ్వెప్పుడన్నా అట్ల దించినావా?"

"ట్రైనింగ్‌లో చాలాసార్లు."

"నీతో ట్రైనింగైనోళ్లంతా... బాగుండారా?"

"అందరూ బాగున్నారు సార్. ఒకడు ఉద్యోగం మానేసి బేకరీ పెట్టుకున్నాడు."

ఆ ఒక్కడు ఎందుకు మానేశాడో అడిగేలోపు నేల కిందికి పోయింది. పెద్దన్న కళ్లు గట్టిగా మూసుకున్నాడు. చౌడమ్మకు కోడిని, పీర్లకు చదివింపును, ఊరి చర్చిలో పెద్ద కొవ్వొత్తిని మొక్కుకున్నాడు. సర్వమత సామరస్యం మూడు వేల అడుగుల ఎత్తులో ఎంత సహజంగా వస్తుందో ఆ రోజు రుజువైంది.

"సార్, కుడివైపు రాయదుర్గం కొండ."

"ఊఁ."

"చేలన్నీ ఎండిపోయినట్టున్నాయి సార్. అంతా తుప్పు రంగే."

"ఊఁ."

ఇంద్రాణి మాట గుర్తొచ్చి ఒకసారి ధైర్యం చేసి ఒక కన్ను సగం తెరిచాడు. సరిగ్గా ఎదురుగా, దూరంగానే అయినా, గాలిమర రెక్క ఒకటి ఆకాశాన్ని కోస్తూ కనబడింది. ఆ కన్నును వెంటనే మూసి, రెండు చేతులతో రెండు కళ్లనూ కప్పుకున్నాడు. ఎప్పుడు విడపనకల్లు దాటారో, ఎప్పుడు వెనక్కి తిరిగారో ఆయనకు తెలియదు.

"సార్, కంబదూరు వచ్చేశాం. ఇంత దూరంలో ఒక్క తడి నేల ముక్కను ఇప్పుడే చూస్తున్నాను."

"ఏందమ్మా అది?" అన్నాడు పెద్దన్న, చేతులు తీయకుండానే.

"మనం దిగబోయే హెలిప్యాడ్ సార్."

చక్రాలు నేలకు తగిలాకే పెద్దన్న కళ్లు తెరిచాడు. వెలుగు భరించలేక నీళ్లు కారాయి. ఆ నీళ్లను కరువు చూసిన కన్నీళ్లుగా భావించి ఎమ్మెల్యేగారు బంతిపూల దండ వేశారు. డప్పులు మోగాయి. మైకులు చుట్టుముట్టాయి.

"పెద్దన్నగారూ, పైనుంచి ఏం కనబడింది?"

పెద్దన్న సహజంగా నిజాయితీపరుడు. పైగా బుర్ర ఇంకా పైనుంచి పూర్తిగా దిగలేదు.

"ఏమీ కనబడలే" అన్నాడు.

మంత్రిగారు ఆ మాటను నేల మీద పడనీయలేదు.

"విన్నారా? నేనన్న మాట కాదు ఇది. ఈ మట్టిలో పుట్టిన రైతు, స్వయంగా పైనుంచి చూసి, ధైర్యంగా చెబుతున్న మాట. ఏమీ కనబడలేదు! కంబదూరు మండలంలో కరువు లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను!"

"అది కాదు సార్..." అన్నాడు పెద్దన్న. డప్పుల మోతలో ఆ మాట ఆయనకే వినబడలేదు. కెప్టెన్ జాయ్ అన్నీ చూసింది. ఆమెను ఎవరూ అడగలేదు.

టీవీ వాళ్లు వైర్లు చుట్టుకుంటుండగా పెద్దన్న షామియానా వెనక మంత్రిగారిని పట్టుకున్నాడు.

"సార్, తప్పు జరిగిపోయినాది. నేనేమీ చూడలే సార్. భయానికి కండ్లు మూసుకోనుంటి. ఎక్కినప్పట్నుంచి దిగిందాంక."

మంత్రిగారు అటూ ఇటూ చూసి, ఆయన భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"దీనికేమిటికి బాధపడతావు పెద్దన్నా? నేను మూడు జిల్లాలూ అట్లే చూసినా."

పెద్దన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నిజం చెప్పాలనుంటే చెప్పప్పా, మైకు పిలిపిస్తా. భయపడి కండ్లు మూసుకున్నానని చెప్పు. ఊరు ఇంటాది, రాష్ట్రం ఇంటాది. రేపట్నుంచి నిన్ను ఏమని పిలుస్తారో నువ్వే ఆలోచించుకో." మంత్రిగారు ఆయన మెడలో దండ సర్దారు. "సింగిల్ విండో చైర్మన్ కుర్చీ ఖాళీగా ఉండాది. ఈసారి వచ్చేసారి అని చెప్పను."

యూసుఫ్ మైకు చేతిలో పట్టుకుని దూరంగా నిలబడి ఉన్నాడు. పెద్దన్న ఆ మైకు వైపు చూశాడు. మంత్రిగారి వైపు చూశాడు. చివరకు తల వంచుకుని తన చెప్పుల వైపు చూశాడు.

"మంచిది సార్" అన్నాడు.

బయట గ్రౌండ్ దాదాపు ఖాళీ అయిపోయింది. ఆడవాళ్లు బిందెలు చంకనెత్తుకుని పోతున్నారు. నల్లప్ప టీ గ్లాసులు ఏరుకుంటూ పెద్దన్నను చూసి కూడా చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. ఇంద్రాణి ఒక్కతే ట్యాంకర్ చక్రాల జాడ దగ్గర నిలబడి ఉంది. యూసుఫ్ మైకు సర్దుకుంటూ అక్కడే తచ్చాడుతున్నాడు.

"మన చేను కనబడిందా?" అని అడిగింది ఇంద్రాణి.

పెద్దన్న నోరు తెరిచాడు. యూసుఫ్ తల ఎత్తాడు.

"కనబడినాది."

"ఎట్లుండాది?"

"బాగుండాది."

ఇంద్రాణి కొంగు నడుముకు బిగించుకుంది.

"పద" అంది. "నాకూ చూపీ."

ఆమె వంక దారి పట్టి ముందు నడిచింది. మెడలో దండ తీయడం మరిచిపోయి, పెద్దన్న వెనక నడిచాడు.