సెల్లారులో నౌకాదళం

నౌకాదళం అర్థం కావాలంటే సముద్రం ఉండాలని చాలామంది పొరబడుతుంటారు. సముద్రం దేనికండీ? ఒక సెల్లారు, నాలుగు వరసల ప్లాస్టిక్ కుర్చీలు, ఒక త్రినాథరావుగారు ఉంటే చాలు!

దిల్‌సుఖ్‌నగర్‌కి ఈ మూడూ ఉన్నాయి. విశాఖపట్నానికి ఏముంది చెప్పండి? ఉత్త నీళ్లు!

త్రినాథరావుగారు బీమా ఆఫీసులో రిటైరైన పెద్దమనిషి. సొంతూరు కాకినాడ. ఉద్యోగంలో ఉండగా కొన్నాళ్లు విశాఖలో పనిచేశారు. అప్పట్లో ఆయన అద్దె ఇంటి డాబా ఎక్కితే దూరంగా ఓడలు కనిపించేవి. నేవీతో ఆయనకున్న అనుభవం అంతే. అయితే ఏం? అంత అనుభవం కూడా లేనివాళ్లు యూట్యూబ్‌లో యుద్ధాలే నడిపిస్తుంటే, ఆయన పాఠాలు చెబితే తప్పేమిటి?

ఈ విద్యాదానం లిఫ్టులో మొదలైంది. మూడో అంతస్తు సుమిత్రమ్మగారి అమ్మాయి భావన నేవీలో లెఫ్టినెంట్. ఆ మాట చెప్పగానే లిఫ్టులో పక్కనున్నావిడ, "ర్యాంకెంతండీ?" అంది.

"లెఫ్టినెంటండీ."

"అది సరేనండీ, నంబరు?"

అడగదూ మరి? కోచింగ్ సెంటర్ల మధ్య పుట్టి పెరిగిన పేటలో ర్యాంకంటే అంకె. ఆ అంకె ఎంత చిన్నదైతే మనిషి అంత పెద్ద! సుమిత్రమ్మగారి దగ్గర అంకె లేదు. పాపం, ఆవిడ తలవంచుకుని తన అంతస్తులో దిగిపోయారు. అదే లిఫ్టులో ఉన్న త్రినాథరావుగారి గుండె కలుక్కుమంది. ఆ ఆదివారమే సెల్లారు ఊడ్పించి, సైనిక కుటుంబాలకు ఉచిత అవగాహన తరగతులు మొదలుపెట్టారు.

పాఠమంటే ఆయన పాఠమే! మొదట గోడకు చార్టు తగిలించి చదివారు. ఒక్కరికీ ఎక్కలేదు. చార్టు పక్కనపెట్టి, "ఇలా చూడండి. అడ్మిరల్ అంటే కాలేజీ ఛైర్మన్. కమడోర్ అంటే డీన్. కెప్టెన్ ప్రిన్సిపాల్. లెఫ్టినెంట్ లెక్చరర్. పెట్టీ ఆఫీసరు ఫ్లోర్ ఇన్‌ఛార్జి" అన్నారు. సెల్లారంతా ఒక్కసారిగా "ఆఁ!" అంది. మన పేటలో ఛైర్మన్ అంటే తెలియనివాళ్లెవరు?

"ఆర్మీ కెప్టెన్ వేరు, నేవీ కెప్టెన్ వేరు. ఆర్మీ కెప్టెనూ మన భావనా సరిసమానం" అని కూడా ఆయన సెలవిచ్చారు. అన్నకొడుకు ఆర్మీ కెప్టెనని ఎప్పుడూ గొప్పలు పోయే తోడికోడలికి సుమిత్రమ్మగారు అక్కడి నుంచే ఫోన్ చేశారు!

ఇంకో ఆదివారం, ఆఫీసర్లు కాని నావికులను ఇంగ్లీషులో రేటింగ్స్ అంటారని చెప్పారు. బడంగ్‌పేట్ నుంచి వచ్చే లచ్చయ్య మనవడు ఓడలో వంటవాడు. లచ్చయ్య చెయ్యి లేపాడు.

"సార్, గా ఫోన్ల బువ్వ తెప్పిచ్చుకున్నంక సుక్కలిస్తరు, గదేనా? మావోనికి ఐదుకు ఐదు ఇయ్యొచ్చు సార్. చేపల పులుసు మస్తు చేస్తడు."

జీతాల పాఠం నాడైతే సెల్లారు కిక్కిరిసిపోయింది. ఓడెక్కి సముద్రంలో ఉన్నంతకాలం ప్రత్యేక అలవెన్సు ఉంటుందని గురువుగారు వివరించారు.

"ఒడ్డుకొస్తే?" అన్నారు సుమిత్రమ్మగారు.

"ఆగిపోతుందండి."

"అయితే మా అమ్మాయిని ఇప్పట్లో ఒడ్డుకి రావద్దంటాను!"

అందరూ చప్పట్లు కొట్టారు. చదువుకున్న తల్లి అంటే అలా ఉండాలి.

జ్ఞానం పెరిగేకొద్దీ కుర్చీలు కూడా వాటంతటవే సర్దుకున్నాయి. ఆఫీసర్ల తల్లిదండ్రులు ముందు, ఫ్యాను కింద. నావికుల తల్లిదండ్రులు వెనక, స్కూటర్ల పక్కన. అలా కూర్చోమని ఎవరైనా చెప్పారా? లేదు! త్రినాథరావుగారికి కూడా అందులో వింతేమీ కనిపించలేదు. తరగతిలో క్రమశిక్షణ వచ్చిందని మురిసిపోయారు.

అలాంటి సమయంలో వచ్చాడు సీతారాములు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో మోటార్ వైండింగ్ షాపు పెట్టుకున్న మనిషి. ముందు రోజే నేవీలో ఉన్న కొడుకు శేఖర్ ఫోన్ చేసి, పెట్టీ ఆఫీసర్‌గా ప్రమోషన్ వచ్చిందన్నాడు. సీతారాములు పొద్దున్నే షాపుల వరసంతా స్వీట్లు పంచాడు. పంచి వచ్చాక పరేషాన్ మొదలైంది.

"సార్, ఆఫీసరన్నది మంచిగనే ఉన్నది. గా పెట్టీ ఏంది సార్? పక్క షాపాయన పెట్టీ కేసు తీర్గనా అంటుండు. ఇంకొకాయన, పెట్టీ క్యాష్ చూస్తడా అని అడుగుతుండు."

త్రినాథరావుగారు తీరిగ్గా కళ్లజోడు తుడుచుకున్నారు. పెట్టీ ఆఫీసరంటే ఆర్మీలో హవల్దారు హోదా అనీ, తన కింద మనుషులను నడిపించే బాధ్యత అనీ ఆయనకు తెలుసు. కానీ అదంతా ఒక్కో షాపుకీ వెళ్లి ఎవరు చెబుతారు? ఆయన బుర్రలో తళుక్కుమంది.

"సీతారాములుగారూ, దీనికింత బాధెందుకండీ? ఆ పెట్టీ అన్నది తీసేయండి! మిగిలింది ఆఫీసరే కదా. అబద్ధం ఆడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు."

బీమా ఆఫీసులో అంత సర్వీసు ఊరికే పోతుందా?

సీతారాములు ఆ మాట మనసుకు పట్టించుకున్నాడు. పెయింటరు మట్టయ్యను పిలిపించి షాపు బోర్డు మార్పించాడు. 'నేవీ ఆఫీసర్ గారి నాన్నగారి మోటార్ వైండింగ్' అని ఎర్ర అక్షరాలు, పక్కనే ఓడ బొమ్మ. మట్టయ్య అంతకుముందు ఓడను చూసింది లేదు. ఎందుకైనా మంచిదని ఓడకు ముందు రెండు హెడ్‌లైట్లు పెట్టాడు.

బోర్డు లేచింది. గిరాకీ పెరిగింది. సెల్లారులో సీతారాములు కుర్చీ చడీచప్పుడు లేకుండా వెనక వరస నుంచి రెండో వరసకు జరిగింది. చూశారా, ఒక్క మాట తీసేస్తే ఎంత అభివృద్ధో!

అంతా సవ్యంగా సాగుతుండగా శేఖర్ సెలవు మీద వచ్చాడు. విజయవాడ వైపు నుంచి వచ్చిన బస్సు ఎల్‌బీ నగర్‌లో దిగి, నేరుగా షాపుకు నడిచాడు. బోర్డు చూసి, సంచీ భుజాన ఉండగానే రోడ్డు మీద నిలబడిపోయాడు. సీతారాములు నవ్వుతూ ఎదురొచ్చాడు. కొడుకు నవ్వలేదు.

"ఎవరు రాయమన్నరు నాయినా?"

ఇంకేముంది? ఆదివారం తరగతికి తండ్రి, తల్లి అండాలమ్మ, శేఖర్ ముగ్గురూ వచ్చారు. త్రినాథరావుగారు పరమానందపడిపోయారు. ఇన్నాళ్లకు పాఠశాలలో అసలు నావికుడు పాదం మోపాడు! ముందు వరసలో కుర్చీ వేయించబోయారు. శేఖర్ కూర్చోలేదు.

"సార్, బోర్డు మీద పెట్టీ తీసేయమన్నది మీరేనట గదా?"

"అవును బాబూ. మీ నాన్నగారి పరువు కోసం..."

"గా మాట కోసం పరీక్షలు రాసిన సార్. నీళ్ల మీద ఏండ్లు తిరిగిన. ఓడల నన్ను అందరు పీవో అని పిలుస్తరు. అండ్ల పీ తీసేస్తే ఇంకేం మిగుల్తది? ఉత్త ఓ మిగుల్తది!"

లచ్చయ్య ఫక్కున నవ్వాడు. సెల్లారంతా నవ్వింది. శేఖర్‌కూ నవ్వొచ్చింది కానీ, నవ్వుతూనే తండ్రి వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "అండ్ల సిగ్గుపడేదేముంది నాయినా? నేను పడ్తలేను గదా."

సీతారాములు తలవంచుకున్నాడు. "నువ్వు కాదు కొడుకా, పక్క షాపోళ్లు నవ్వితే నాకే చిన్నతనమైంది. రేపే రాయిపిస్త. పెట్టీ పెద్దగ రాయిపిస్త."

త్రినాథరావుగారికి చెవులు ఎర్రబడ్డాయి. ఇంతమంది ఎదుట తన పాఠం తలకిందులవడం ఇదే మొదలు. అయినా ఆయన చెడ్డమనిషి కాదు. చార్టు ముందు నుంచి తప్పుకుని, "నాదే పొరపాటు బాబూ. ఇవాళ పాఠం నువ్వు చెప్పు" అని వెళ్లి స్కూటర్ల పక్కన కూర్చున్నారు.

అంతే, ప్రశ్నల వాన! తర్వాతి ప్రమోషన్ ఎప్పుడు? పెన్షన్ ఎంతొస్తుంది? క్యాంటీన్ కార్డు మీద ఫ్రిజ్ ఇస్తారా? బాబాయి వరసవాళ్లకు కూడా ఇస్తారా? అల్లుడి బాబాయికి? శేఖర్ ఓపికగా ఒక్కోదానికీ జవాబిచ్చాడు.

అప్పుడు అండాలమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ, అందరూ అడిగారు కాబట్టి తానూ ఒకటి అడగాలన్నట్టు అడిగింది.

"ఓడల నిద్ర పడ్తదా బిడ్డా?"

ఇన్ని ఆదివారాల సిలబస్‌లో ఎక్కడా లేని ప్రశ్న!

శేఖర్ ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంచం మీద మంచం, దాని మీద ఇంకో మంచం ఎలా ఉంటాయో చెప్పాడు. పైవాడు తుమ్మితే కిందివాడికి ఎలా మెలకువొస్తుందో చెప్పాడు. వానాకాలంలో సముద్రం ఊగితే జారిపడకుండా పట్టీ కట్టుకుని పడుకుంటామన్నాడు. చప్పుడుకు అలవాటైపోయి, ఇంటికొస్తే నిశ్శబ్దానికే నిద్ర పట్టదట. "నయం, మన ఎల్‌బీ నగర్ల బస్సుల హారన్లున్నయి. గందుకే మంచిగ పన్న!"

"మొదట్ల వాంతులు గూడ అయినయమ్మా. నీకు చెప్పలే."

"మా అమ్మాయికి కూడా అవుతాయా బాబూ?" అన్నారు సుమిత్రమ్మగారు.

"అందరికి అయితయమ్మా. మేడంకు అలవాటైపోయి ఉంటది ఇప్పటికి."

సుమిత్రమ్మగారు ఫోన్ తీసి చూసుకున్నారు. భావన ఓడ మీద ఉంది, సిగ్నల్ ఉండదు. అలవెన్సు మాత్రం నడుస్తోంది.

ఆ సాయంత్రం త్రినాథరావుగారు బాల్కనీలో చాలాసేపు అటూ ఇటూ తిరిగారు. ఆయనకూ ఒక కొడుకున్నాడు, వినయ్. పుణెలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆదివారం ఆదివారం మాట్లాడుకుంటారు. జీతం తెలుసు, హోదా తెలుసు, పై ఆఫీసరు పేరు తెలుసు, ఆ పై ఆఫీసరు పేరు కూడా తెలుసు. ఫోన్ తీసి కలిపారు.

"ఏరా నాన్నా, రాత్రిళ్లు నిద్ర బాగా పడుతోందా?"

అవతల నుంచి కంగారు గొంతు.

"నాన్నా, ఏమైంది? ఆసుపత్రిలో ఉన్నారా? అమ్మ ఏదీ? అమ్మకివ్వండి ఫోను! నేను ఇప్పుడే బయల్దేరుతున్నా!"

"అబ్బెబ్బే, ఏమీ కాలేదురా. ఊరికే అడిగాను."

"ఊరికే ఎందుకడుగుతారు? డాక్టరేమన్నాడో దాచకుండా చెప్పండి!"

పక్కన భార్య సూర్యప్రభ నిలబడి ఏమిటేమిటని చేతులూపుతోంది. ఎంత చెప్పినా కొడుకు నమ్మడు. చివరికి గొంతు సవరించుకుని అన్నారు. "అది సరేగానీ, ఈ ఏడు జీతం హైక్ ఎంతిచ్చారు?"

"హమ్మయ్య!" అన్నాడు వినయ్. వాడి ఊపిరి ఇక్కడికి వినిపించింది.

కాబట్టి పాఠకులారా, మీ పిల్లలు నేవీలో ఉన్నా, మరెక్కడున్నా, వాళ్ల ర్యాంకులూ జీతాలూ వెంటనే కంఠస్థం చేసేయండి. లేకపోతే ఏదో ఒక రోజు 'ఎలా ఉన్నావు' అని అడగాల్సివస్తుంది. పిల్లలు జడుసుకుంటారు!